ఏటీఎస్‌సీ 3.0 ట్యూనర్ కొనే ముందు తాళం సంగతి కనుక్కోండి

అమెరికాలో కేబుల్ మానేసి, యాంటెన్నాతో ఉచిత ఛానెళ్ళు చూస్తున్న తెలుగువారికి ఒక హెచ్చరిక. ఏటీఎస్‌సీ 3.0 అంటే యాంటెన్నాకు అందే టీవీ ప్రసారాల కొత్త పద్ధతి, ట్యూనర్ అంటే ఆ సిగ్నల్‌ను అందుకొనే పరికరం. పెట్టె మీద ‘ఏటీఎస్‌సీ 3.0’ అని ఉన్నంత మాత్రాన ఆ ట్యూనర్ కొత్త ప్రసారాలన్నిటినీ చూపిస్తుందని నమ్మకండి.

నేను అలా నమ్మి, ఇంట్లోని టీవీలన్నిటికీ నెట్‌వర్క్ ద్వారా ప్రసారాలు అందించే ట్యూనర్‌ను దాదాపు 200 డాలర్లకు కొన్నాను. స్కాన్ చేస్తే 3.0 ఛానెళ్ళు జాబితాలోకి వచ్చాయి, సిగ్నల్ కూడా నిండుగా కనిపించింది. కానీ వాటిలో చాలావాటికి బొమ్మ రాలేదు. రెండు వారాంతాలు యాంటెన్నా తిప్పి, వైర్లు మార్చి చూశాక గాని అసలు కారణం తెలియలేదు. ఆ స్టేషన్లు తమ 3.0 ప్రసారాన్ని డీఆర్‌ఎం అనే కాపీ రక్షణ తాళం వేసి పంపుతున్నాయి. ఏ3ఎస్‌ఏ అనే సంస్థ ధ్రువీకరించిన పరికరాలే దాన్ని తెరవగలవు. నేను కొన్నదానికి ఆ ధ్రువీకరణ లేదు. ఆ ముక్క అమ్మకందారు పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.

2009 జూన్ 12న అనలాగ్ ప్రసారాలు ఆగినప్పుడు ప్రభుత్వమే కన్వర్టర్ పెట్టెలకు 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది, ఆ పెట్టెలు సిగ్నల్ అందిన ప్రతి డిజిటల్ స్టేషన్‌నూ చూపించాయి. ప్రసారాలను ఇంటర్నెట్‌లో విచ్చలవిడిగా పంచకుండా కట్టడి చేయడానికి, ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2003లో తెచ్చిన ‘బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్’ నిబంధనను 2005లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. ప్రజల గాలితరంగాల మీద ఉచితంగా వచ్చే వార్తలకు మళ్ళీ తాళం పడటం నాకు అన్యాయంగానే తోస్తోంది. తొలినాళ్ళలో వచ్చిన కొన్ని పెట్టెలకు ఆ తాళం తెరవడానికి ఇంటర్నెట్ కూడా కావలసి వచ్చింది. తుఫానుకు ఇంటర్నెట్ పోయిన రాత్రి వాతావరణ హెచ్చరిక కోసమే కదా మనం యాంటెన్నా పెట్టుకున్నది!

తాళం లేని పాత 1.0 ప్రసారాలు ఇంకా వస్తున్నాయి కనుక, మీ ఊళ్ళో అవి బాగా అందుతుంటే తొందరపడనక్కరలేదు. అయితే వాటిని ఆపివేసే స్వేచ్ఛను స్టేషన్లకు ఇవ్వాలని ఎఫ్‌సీసీ 2025 అక్టోబరులో ప్రతిపాదించింది కాబట్టి, త్వరలోనే కొనవలసి రావచ్చు. అప్పుడు డీఆర్‌ఎం ఉన్న ఛానెళ్ళు తెరుచుకుంటాయా, వాటిని రికార్డు చేసి ఇంట్లోని మరో టీవీలో చూడవచ్చా, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందా అని అమ్మకందారును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. 3.0 ప్రసారాల్లో వాడే ఏసీ-4 అనే ధ్వని పద్ధతిని మీ పరికరం అందుకోలేకపోతే బొమ్మ వచ్చినా మాట వినిపించదు, అదీ అడగండి. పెట్టె ఇంటికి చేరిన రోజే ప్రతి ఛానెల్‌నూ పెట్టి చూడండి. నేను యాంటెన్నాతో కుస్తీ పడుతుండగానే వాపసు గడువు దాటిపోయింది.