హాట్ రాడ్‌కు టైర్లు కొనేవారికి హెచ్చరిక: ముందు రేడియల్, వెనుక బయాస్ ప్లై అంటే ఒప్పుకోకండి

పాత కార్ల టైర్లు అమ్మే ఒక వ్యాపారి మాట నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. 1932 ఫోర్డ్ రూపంలో కట్టుకున్న నా హాట్ రాడ్‌కు (వేగం కోసం మార్చి కట్టుకునే పాతకాలపు కారు) ముందు సన్నని రేడియల్ టైర్లు, వెనుక వెడల్పాటి బయాస్ ప్లై టైర్లు అంటగట్టాడు. "పాతకాలపు అందం వస్తుంది, నడకలో ఏ తేడా ఉండదు" అన్నాడు. నాలుగో రోజు వాన వెలిసిన రోడ్డుపై మలుపు తిరుగుతుంటే వెనుక భాగం జారి కారు అడ్డం తిరిగింది. ఎదురుగా ఏ వాహనమూ లేదు కాబట్టి బతికాను.

రేడియల్, బయాస్ ప్లై అనేవి టైరును లోపల కట్టే రెండు పద్ధతులు. బయాస్ ప్లైలో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డుపడేలా ఉంటాయి. పక్కగోడ వంగితే నేలను తాకే భాగమూ దానితోపాటే మెలి తిరుగుతుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా వెళతాయి, వాటిపై ఉక్కు పట్టీలుంటాయి. పక్కగోడ వంగినా నేలను తాకే భాగం చాలావరకు రోడ్డుకు అంటుకునే ఉంటుంది. అందుకే మలుపులో నా ముందు చక్రాలు గట్టిగా పట్టుకున్నాయి, వెనుకవి పట్టు తప్పాయి. నాలుగూ ఒకే రకం ఉండాలి. కలపక తప్పకపోతే రేడియల్ జత వెనుకే ఉండాలి. ఒకే ఇరుసుకు రెండు రకాలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

నాలుగూ బయాస్ ప్లై వేసుకుంటే తప్పు లేదు, ఆ రూపం నాకూ ఇష్టమే. అయితే రోడ్డు మీది గాడులు స్టీరింగును లాగుతాయి, రాత్రంతా నిలిపిన కారు పొద్దున టైరు వేడెక్కేదాకా దడదడలాడుతుంది. ఇవి ముందే చెప్పే వ్యాపారి దగ్గర కొనండి. పాత రూపంలో తయారైన రేడియల్ టైర్లు కూడా దొరుకుతాయి. కొలతలో 'ఆర్' అక్షరం ఉంటే రేడియల్. 7.50-16 లాగా మధ్యలో గీత ఉంటే సాధారణంగా బయాస్ ప్లై.

ఇంకో మోసం తర్వాత బయటపడింది. కొత్తవని అమ్మిన ఆ వెనుక టైర్లను విప్పి చూస్తే లోపలి వైపు 3508 అని ఉంది. అంటే 2008లో 35వ వారం తయారైనవి. ఈ తేదీ సంఖ్య తరచుగా ఒక పక్కనే ఉంటుంది. రిమ్ముకు ఎక్కించకముందే రెండు వైపులా చూడండి.

వ్యాపారి డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఆ జతను ఎవరికైనా అమ్ముకోమన్నాడు. నేను వాటి పక్కగోడలు కోసి పారేశాను.