అమలాపురంలో కట్టించిన సబ్‌ఊఫర్ ఆంప్లిఫయర్ ఎలా ఉంది?

ఇది సీలు వేసిన అట్టపెట్టెలో వచ్చిన కంపెనీ సరుకు మీద రివ్యూ కాదు. అమలాపురంలో ఒక పాత రేడియో రిపేరు షాపుకి ఆర్డరిచ్చి కట్టించుకున్న ఆంప్లిఫయర్ గురించి, దాన్ని కట్టిన మెకానిక్ గారి పనితనం గురించి. షాపు పేరు రాయను. ఆయనకి బోర్డు మీద పేరు కూడా సరిగ్గా మిగల్లేదు, పైగా ఇది చదివి జనం ఎగబడితే ఆయనకి నేనిచ్చిన రెండో పని ఇంకా ఆలస్యం అవుతుంది.

మాది అంబాజీపేట. కొబ్బరి వ్యాపారం. ఇల్లు తాతగారు కట్టిన మండువా లోగిలి. అందులో పడమటి వైపు గదిని సినిమాలకి కేటాయించాను. డెనాన్ ఎక్స్ 1700 హెచ్ రిసీవర్ (సినిమా సౌండుని విడగొట్టి స్పీకర్లకి పంపే పెట్టె), ముందు రెండు టవర్ స్పీకర్లు, మధ్యలో సెంటర్, వెనక రెండు చిన్నవి, మూలన బేస్ కోసం 12 అంగుళాల సబ్‌ఊఫర్. పోయింది ఆ సబ్‌ఊఫర్ లోపలి ఆంప్లిఫయర్. ఇలాంటి పవర్డ్ సబ్‌ఊఫర్లలో ఆంప్లిఫయర్‌ని డబ్బా వెనక రేకుకి బిగిస్తారు. వేడి ఆ రేకులోంచే పోవాలి, బేస్ కొట్టినప్పుడల్లా బోర్డు అదురుతుంది, వీటికి తోడు మా కోనసీమ చెమ్మ. కండెన్సర్లు ఉబ్బిపోయాయి. కంపెనీ సర్వీసు వాళ్ళని అడిగితే ఆ మాడ్యూల్ ఇప్పుడు రావట్లేదు, కొత్త సబ్‌ఊఫర్ కొనుక్కోమన్నారు. డబ్బా, లోపలి స్పీకరు నిక్షేపంగా ఉన్నాయి. వాటిని ఎలా పారేస్తాం?

మెకానిక్ గారు ముందు స్పీకరు విప్పి మల్టీమీటరు పెట్టారు. 3.4 ఓములు చూపించింది. కాయిల్‌ని మీటరుతో కొలిస్తే అసలు రేటింగ్ కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది కాబట్టి ఇది 4 ఓముల స్పీకరు అని తేల్చారు. తర్వాత డబ్బా చుట్టూ తిరిగి, లోపలి గాలి బయటికి పోయే గొట్టం ఉందా లేదా అని చూశారు. ఈ రెండూ చూడకుండా ఎన్ని వాట్లు కావాలండీ అని మొదలెట్టే షాపులు నేను చాలా చూశాను. ఇక్కడే ఈయనకి సగం మార్కులు వేసేశాను.

మిగతా సగంలో పెద్ద భాగం ఆయన నాకు అమ్మని వస్తువుకి. ఎలాగూ వచ్చాను కదా, ముందు టవర్లకి కూడా 200 వాట్ల ఆంప్లిఫయర్ ఒకటి వేసేయండి అన్నాను. "ఆయ్, వేస్తానండి, డబ్బులొస్తే నాకేమైనా చేదా! కానీ మీకు తేడా తెలీదండి" అన్నారు. లెక్క ఇలా ఉంటుంది. నా రిసీవర్ రేటింగ్ ఛానల్‌కి 80 వాట్లు, అదీ రెండు ఛానళ్ళు మాత్రమే నడుస్తున్నప్పుడు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళే. 80 నుంచి 200కి వెళ్తే 4 డెసిబెళ్ళు. చెవికి రెట్టింపు శబ్దం అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు కావాలి, అంటే పదింతల పవరు, 800 వాట్లు. ఆ లోపు టవర్ల కాయిళ్ళు కాలి కూర్చుంటాయి. ఇంకో సంగతి, నా రిసీవర్‌కి సబ్‌ఊఫర్ అవుట్ తప్ప ముందు స్పీకర్లకి ప్రీ-అవుట్‌లు (బయటి ఆంప్లిఫయర్‌కి సిగ్నలిచ్చే సాకెట్లు) లేవు. బయటి ఆంప్లిఫయర్ తగిలించాలంటే రిసీవరే మార్చాలి. ఎక్స్ 3800 హెచ్ లాంటి పై మోడళ్ళలో అన్ని ఛానళ్ళకీ ప్రీ-అవుట్‌లు ఉంటాయి గానీ వాటి ధర వేరు.

బేస్ దగ్గర కథ వేరు. సినిమా సౌండ్‌లో మామూలు ఛానల్ పీక్ 105 డెసిబెళ్ళు అనుకుంటే, బేస్ కోసం విడిగా పెట్టిన ఛానల్ 115 దాకా వెళ్తుంది. దానికి తోడు రిసీవర్ సెట్టింగులో అన్ని స్పీకర్లనీ 'స్మాల్' చేసి క్రాస్ఓవర్, అంటే బేస్‌ని విడగొట్టే గీత, 80 హెర్ట్జ్ దగ్గర పెడితే, వాటి కింది బేస్ కూడా సబ్‌ఊఫర్ మీదే పడుతుంది. రిసీవర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది, టవర్లు శుభ్రంగా పలుకుతాయి. కాబట్టి పవరు పెంచాలంటే సబ్‌ఊఫర్ దగ్గరే పెంచాలన్నది ఆయన వాదన. నేను ఒప్పుకున్నాను, ఇప్పుడు విని ఇంకా ఒప్పుకుంటున్నాను.

ఇక కట్టిన వస్తువు. 36-0-36 వోల్టుల టొరాయిడల్ (గాజులా గుండ్రటి) ట్రాన్స్‌ఫార్మర్, 8 ఆంపియర్లది. ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, కండెన్సర్లు దాటాక ప్లస్ 50, మైనస్ 50 వోల్టులు వస్తాయి. 4 ఓముల మీద 250 వాట్లు నిజంగా ఇచ్చే లెక్క ఇది, డబ్బా మీద 5000 వాట్లు అని స్టిక్కరు అంటించే లెక్క కాదు. అవుట్‌పుట్‌లో తోషిబా 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 ట్రాన్సిస్టర్లు నాలుగు జతలు. ఈ నంబర్లలో నకిలీలు సంతలో వంకాయల్లా దొరుకుతాయి. ఆయన డ్రాయరులోంచి ఒక కాలిపోయిన నకిలీది, ఒక పాత అసలుది తీసి, కటింగ్ ప్లేయరుతో రెండింటి నెత్తీ పగలగొట్టి చూపించారు. అసలుదాంట్లో సిలికాన్ ముక్క పెద్దదిగా ఉంది, నకిలీదాంట్లో నువ్వుగింజంత. అంత చిన్న ముక్క 15 ఆంపియర్లు ఎలా మోస్తుంది? మా వీధిలో పెళ్ళి డీజేల వాళ్ళ ఆంప్లిఫయర్లు సరిగ్గా సన్నాయి ముగిసే వేళకి ఎందుకు పొగలు కక్కుతాయో అప్పుడు అర్థమైంది.

అవుట్‌పుట్‌కి రిలే ఉన్న ప్రొటెక్షన్ బోర్డు వేశారు. ట్రాన్సిస్టరు షార్ట్ అయి డీసీ వోల్టేజి స్పీకరు మీదకి పోతే కాయిల్ కాలిపోతుంది, రిలే దాన్ని మధ్యలోనే తెంపేస్తుంది. స్విచ్ వేశాక కొద్ది క్షణాలు ఆగి టక్ మని కలుస్తుంది, అందుకే స్పీకర్లో ధబ్‌మనే చప్పుడు రాదు.

అన్నిటికన్నా నేను మెచ్చుకునేది సబ్‌సోనిక్ ఫిల్టరు. గాలి గొట్టం ఉన్న డబ్బాకి ఫలానా హెర్ట్జ్ అని ఒక ట్యూనింగ్ ఉంటుంది. అంతకన్నా కింది శబ్దాలు వస్తే లోపలి గాలి కోన్‌ని (స్పీకర్లో ముందుకీ వెనక్కీ ఊగే భాగాన్ని) పట్టి ఆపదు, అది అడ్డూ అదుపూ లేకుండా ఊగిపోతుంది. కంపెనీ ఆంప్లిఫయర్‌లో ఆ కింది శబ్దాలని కోసేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. అది తీసేసి బయట ఉత్త పవర్ బోర్డు పెడితే ఆ కాపలా పోతుంది. ఆన్‌లైన్‌లో బోర్డు తెప్పించుకుని బిగించేవాళ్ళు ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. ఆయన ఫోనులో 15 హెర్ట్జ్ టోను పెట్టి, ఫిల్టరు తీసి ఒకసారి, వేసి ఒకసారి చూపించారు. తీసినప్పుడు చెవికి ఏమీ వినిపించదు, కోన్ మాత్రం బయటికి దూకేలా ఊగుతోంది. వేయగానే నెమ్మదించింది.

ఇంట్లో బిగించాక గుయ్‌మని హమ్ మొదలైంది. పక్కింటి కుర్రాడు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమన్నాడు. ఫోనులో ఈ మాట చెబితే మెకానిక్ గారికి కోపం వచ్చింది. "లోపల వైరు ఊడి రేకుకి తగిల్తే ముట్టుకున్నోడు పోతాడండి" అని మర్నాడు తనే బండేసుకుని వచ్చారు. సెట్‌టాప్ బాక్సు వెనక డిష్ కేబులు పీకగానే హమ్ ఆగిపోయింది. డాబా మీద డిష్ ఒక దారిలో, ఆంప్లిఫయర్ ఇంకో దారిలో ఎర్త్ అవుతుంటే మధ్యలో లూప్ ఏర్పడి హమ్ పుడుతుంది. అన్నిటినీ ఒకే 16 ఆంపియర్ల బోర్డు మీదకి తెచ్చి, డిష్ ఎర్త్‌ని కూడా అక్కడికే కలిపారు. వచ్చినందుకు పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు, అమ్మ ఇచ్చిన కొబ్బరి లౌజు మాత్రం పొట్లం కట్టించుకున్నారు.

స్టెబిలైజరు తప్పదని కూడా ఆయనే చెప్పారు. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్లిఫయర్‌కి కరెంటు 230 నుంచి 190కి పడితే లోపలి వోల్టేజీ అంతే నిష్పత్తిలో పడుతుంది, పవరు దాని వర్గంలో పడుతుంది. 250 వాట్లది 170 అవుతుంది. వేసవి సాయంత్రాల్లో మా వీధికి 190 కొత్త కాదు.

సౌండు సంగతి. ఉరుము ఉరిమితే ఇప్పుడు కుర్చీలో తెలుస్తోంది, మునుపు ఒకే నోటు మోగినట్టుండేది. ఢంకాకీ, లారీ ఇంజనుకీ తేడా తెలుస్తోంది. అయితే ఇది మండువా ఇల్లు. గది తలుపు తీసి ఉంటే బేస్ అంతా నడిమి వాకిట్లోంచి ఆకాశంలోకి పోతుంది. తలుపులు బిగిస్తే మళ్ళీ తిరిగొస్తుంది. కాంక్రీటు గదిలో 100 వాట్లు చేసే పనికి ఇక్కడ 250 కావలసి వచ్చింది. 40 హెర్ట్జ్ దగ్గర అటక మీది ఇత్తడి బిందెలు మోగడం మొదలెట్టాయి. "ఒరేయ్, అటకెక్కి ఎవరో తిరుగుతున్నార్రా" అని అమ్మ టార్చిలైటు పట్టుకుని వచ్చింది. బిందెల మధ్య పాత చీరలు కుక్కాం.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఎల్లుండి అంటే ఈయన పంచాంగంలో ఎల్లుండి కాదు. సంక్రాంతి ముందు ఆర్డరిస్తే, కోడిపందాల బరుల దగ్గరి మైకుసెట్లు రిపేరుకొచ్చాయని నాది పక్కన పెట్టి, శివరాత్రి దాటాక ఇచ్చారు. క్యాబినెట్ అంచులు చేతికి గీరుకుంటాయి, ఆకురాయి పట్టలేదు. టెర్మినళ్ళ పక్కన ప్లస్, మైనస్ మార్కరు పెన్నుతో రాశారు. ముందు నీలం లైటు చీకటి గదిలో కళ్ళలో పొడుస్తుంది, నేను దాని మీద ఇన్సులేషన్ టేపు అంటించాను. వేడెక్కితే తిరిగే ఫ్యాను మెల్లగా మాట్లాడే సీన్లలో వినిపిస్తోంది. అందుకని పెట్టెని గోడ అవతల వసారాలో పెట్టి, స్పీకరు వైరు పొడుగు చేశాను. బిల్లు కాగితం లేదు. గ్యారంటీ నోటిమాట. మొత్తం 16,500 అయింది, స్టెబిలైజరు కాకుండా.

భీమవరంలో మా మేనల్లుడు ఇదే పనికి క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1502 కొన్నాడు. క్లాస్-డి (వేడి, బరువు తక్కువుండే రకం) ఆంప్లిఫయర్, 4 ఓముల మీద ఛానల్‌కి 525 వాట్లు, బరువు 4 కిలోల లోపే. నాది ఎత్తాలంటే ఇద్దరు కావాలి. క్రాస్ఓవర్ లోపలే ఉంది, ఇన్‌పుట్ సెన్సిటివిటీ (ఎంత సిగ్నలుకి పూర్తి పవరు ఇవ్వాలన్నది) 1.4 వోల్టులకి గానీ 0.775కి గానీ మార్చుకోవచ్చు. రిసీవర్ సబ్‌ఊఫర్ అవుట్ నుంచి వచ్చే సిగ్నలు తక్కువైతే రెండోది పనికొస్తుంది. గొట్టం లేని సీల్డ్ డబ్బా ఉండి, రెండు నెలలు ఆగే ఓపిక లేకపోతే అలాంటిదే కొనుక్కోండి. గొట్టం ఉన్న పాత డబ్బాని బతికించుకోవాలంటే మాత్రం ఈ షాపు లాంటిదే వెతుక్కోవాలి, డబ్బాని చూసి కట్టే మనిషి కావాలి.

వెళ్ళేటప్పుడు స్పీకరు ఒక్కటే విప్పి పట్టుకెళ్ళకండి, బస్సులో ఇబ్బంది కాబట్టి డబ్బా మొత్తం ఆటోలో వేసుకుని వెళ్ళండి. గొట్టం పొడుగు కొలవకుండా ఆయన ఫిల్టరు కట్టరు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి ఒక కునుకు తీసి నాలుగింటికి గానీ షట్టరు ఎత్తరు. అడ్వాన్సు ఇచ్చేముందు లైటు ఎర్రది వేయమని చెప్పండి.