బ్లీచ్ కాదట, లైట్‌నరట! జుట్టు కొసలకు రంగు వేసుకోబోయేవారికి హెచ్చరిక

ఆ అమ్మకందారు ఎవరో నేను పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. జుట్టు కొసలకు రంగు వేసుకోవాలని ఒక్కసారి ఫోన్‌లో వెతికిన పాపానికి, గాజు గిన్నెలో నెమలికంఠం నీలం గిరగిరా తిరిగే వారి వీడియో మీ అందరికీ ఈపాటికి పదిసార్లు ఎదురై ఉంటుంది. “నల్లజుట్టుకు నేరుగా, బ్లీచ్ లేకుండా” అన్న మాట కూడా గుర్తుండే ఉంటుంది. ఆ మాటను నమ్మి పెట్టె తెప్పించుకున్న బుద్ధిమంతుల్లో నేనూ ఒకదాన్ని. నిన్న సాయంత్రం వాడాను. ఈ ఉదయానికి నా జడ జానెడు తగ్గింది.

కొనేముందు అడగలేదా అని మీరు అనవచ్చు. అడిగాను. “ఇందులో బ్లీచ్ ఉందా?” అని సూటిగా ఒక్కటే ప్రశ్న రాశాను. “లేదు మేడమ్, అస్సలు లేదు” అని రెండు నిమిషాల్లోనే సమాధానం వచ్చింది. వారి నుంచి అంత వేగంగా వచ్చిన సమాధానం అదే మొదటిది, అదే చివరిది.

పెట్టెలో ఒక రంగు ట్యూబు, “కలర్ ఓపెనర్” అని రాసి ఉన్న పొడి పొట్లం, “సాఫ్ట్ డెవలపర్ 20” అనే స్టిక్కర్ అంటించిన తెల్ల సీసా, ఒక జత గ్లవ్స్, ముక్కలుగా కత్తిరించిన ఫాయిల్ ఉన్నాయి. నా బుద్ధి గడ్డి తిన్నది ఇక్కడే. నీలం, గులాబీ, ఊదా వంటి మెరిసే రంగులు చాలావరకు వెంట్రుకకు నేరుగా పట్టుకునేవి. వాటిని కలపడానికి డెవలపర్, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న ద్రవం, అవసరమే లేదు. పైగా అవి అవతలిది కనిపించే పలుచని రంగు కాగితం లాంటివి, అడుగున ఉన్న రంగును కప్పలేవు. అందుకే నల్లజుట్టు మీద వేస్తే ఎండలో ఓ చిన్న నీలి ఛాయ కనిపించడం తప్ప ఇంకేమీ జరగదు. వీడియోలో కనిపించినంత నీలం రావాలంటే ముందు వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్‌ను కరిగించి తీరాలి. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, బ్లీచ్ లేని పెట్టెలో డెవలపర్‌కు ఏం పని అని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ నీలం అంత బాగుంది మరి.

జడ చివర జానెడు మేర విప్పి, నాలుగు పాయలు చేసి, పొడిని సీసాలోని ద్రవంతో కలిపి పట్టించి ఫాయిల్ చుట్టాను. పెట్టెలోని సూచనల కాగితంలో 45 నిమిషాలు ఉంచమని ఉంది. ఇరవై నిమిషాలు దాటేసరికి, భుజం మీదికి జారిన ఫాయిల్ ఇస్త్రీ చేసి అప్పుడే తీసిన చొక్కాలా వెచ్చగా తగిలింది. రంగు పనిచేస్తోంది కాబోలని మురిసిపోయాను! విప్పి చూస్తే మూడు పాయలు ముదురు నారింజ, నాలుగోది పసుపు. దాని మీద నీలం పట్టించి కడిగితే నారింజ ఉన్నచోట బురద రంగు, పసుపు ఉన్నచోట గచ్చు మీది పాచి రంగు మిగిలాయి. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుందని రంగుపెన్సిళ్లు పట్టే పిల్లలకు కూడా తెలుసు.

రంగు చెడితే చెడింది, కొన్నాళ్లకు పోతుందని సరిపెట్టుకునేదాన్ని. కానీ తడిజుట్టులో దువ్వెన పెట్టగానే ఒక పాయ దువ్వెనతో పాటు సాగింది. బాగున్న వెంట్రుకను తడిమీద మెల్లగా లాగితే కొద్దిగా సాగి, వదలగానే తన పొడవుకు వచ్చేస్తుంది. ఇది నమిలిన చూయింగ్ గమ్‌లా సాగుతూ పోయి, మధ్యలో సన్నబడి, చప్పుడైనా లేకుండా తెగి నా వేళ్ల మధ్య ఉండిపోయింది. దానికి తెగిన అంచంటూ కూడా లేదు, చివర పీచులా విడిపోయి ఉంది. వెంట్రుకలోని ప్రోటీన్ అయిన కెరాటిన్‌ను పట్టి ఉంచే గంధకపు బంధాలు తెగిపోతే వెంట్రుక ఇలాగే అవుతుందని చదివాను గానీ, నా అరచేతిలో చూస్తానని అనుకోలేదు.

అప్పుడు సీసా చేతిలోకి తీసుకున్నాను. తడి తగిలి స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే ఊడి వచ్చింది. దాని కింద తయారీదారు అచ్చు వేసిన అసలు అక్షరాలు ఉన్నాయి: 40 వాల్యూమ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ 12 శాతం. వాల్యూమ్ అంటే పెరాక్సైడ్ గాఢతకు కొలత. పైన అంటించిన 20కి అర్థం 6 శాతం. అంటే నాకు చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు. పొడి పొట్లాన్ని దీపం కిందికి తీసుకెళ్లి మడతలో ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదివితే పొటాషియం పర్‌సల్ఫేట్, అమోనియం పర్‌సల్ఫేట్ అని ఉంది. బ్లీచ్ పొడి అంటే అదే. అంతకంటే వేరే ఏమీ కాదు.

రెండు ఫొటోలూ పంపి, బ్లీచ్ లేదని మీరే రాశారు కదా అని అడిగాను. గంటన్నర తర్వాత వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: “మేడమ్, మీరు అడిగింది బ్లీచ్ గురించి. మేము పంపింది లైట్‌నర్. రెండూ వేర్వేరు.”

ఆ మూడు వాక్యాలను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. పొరపాటున వేరే సీసా వచ్చిందని చెప్పి ఉంటే నమ్మేదాన్ని. కోపం వచ్చేది గానీ ఈ పోస్టు రాసేదాన్ని కాదు. నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో వారికి ఆరోజే తెలుసు. తెలిసి, నా ప్రశ్నలోని ఒక్క పదాన్ని పట్టుకుని, ఆ పదం వరకు మాత్రమే అబద్ధం కాదనిపించేలా జవాబిచ్చి, రేపు గొడవ వస్తే తప్పించుకోవడానికి దారి అప్పుడే సిద్ధం చేసి పెట్టుకున్నారు. వృత్తిలో ఉన్నవారు రెండు పేర్లనూ ఒకే పొడికి వాడతారని తెలియని కొనుగోలుదారు మీద ఆడిన మాటల గారడీ ఇది. మరి స్టిక్కర్ సంగతేమిటని అడిగితే దానికి జవాబు లేదు. జుట్టు తెగిపోతోందని రాస్తే మాత్రం ఒక జవాబు వచ్చింది: “వెంట్రుక అసలే నిర్జీవం మేడమ్, దానికి డ్యామేజీ ఏముంటుంది?” పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా.

శాస్త్రం ప్రకారం ఆ మాట తప్పు కాదు, అందుకే ఇంకా మండింది. నిర్జీవం కాబట్టే అది తనను తాను బాగుచేసుకోలేదు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రెండడుగుల జడ కొస అంటే నాలుగైదేళ్లపాటు ఎండనూ దువ్వెననూ తలస్నానాలనూ ఓర్చుకుని వచ్చిన భాగం. ఉన్నదాంట్లో ముసలి భాగం, పైపొర అరిగిపోయిన భాగం అదే. దానికి 40 వాల్యూమ్ పెట్టి, వేడి బయటికి పోకుండా ఫాయిల్ చుట్టమని అచ్చేసి ఇచ్చిన మహానుభావులకు నిర్జీవమంటే ఏమిటో బాగా తెలిసినట్టుంది.

డబ్బు వాపసు అడిగితే తెరిచిన పెట్టెను తీసుకోరట. తెరవకుండా స్టిక్కర్ కింద ఏముందో చూసే విద్య నాకు రాదని రాశాను. ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశారు.

నా తప్పులేమీ లేవని చెప్పను. పట్టించేముందు నాలుగు వెంట్రుకలు కత్తిరించి వాటి మీద ప్రయత్నించి చూస్తే, ఒక చిటికెడు జుట్టుతో పోయేది జానెడు పోయింది. చర్మానికి పడుతుందో లేదో 48 గంటల ముందే చూసుకోమని పెట్టె మీదే ఉంది, అదీ చేయలేదు. అదృష్టవశాత్తు మెడకు తగిలినచోట కాస్త ఎర్రబడి ఊరుకుంది. ఫాయిల్ వెచ్చబడినప్పుడే కడిగేయవలసింది.

సలహాలిచ్చే అర్హత నాకు ఎంతవరకు ఉందో తెలియదు గానీ రెండు మాటలు రాస్తాను. “బ్లీచ్ ఉందా” అని అడగకండి. “పర్‌సల్ఫేట్ ఉందా, డెవలపర్ ఎంత శాతం” అని అడిగి, జవాబును ఫొటో తీసి ఉంచుకోండి. గతంలో ఏవైనా హెన్నా పొడులు వాడినవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే కొన్నింటిలో కలిపే లోహ లవణాలకు పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి పొగలు రావడం కూడా ఉంది. ఇప్పటికే ఆ పెట్టె మీ ఇంటికి వచ్చి ఉంటే, గ్లవ్స్ తొడుక్కునేముందు సీసాను కాసేపు నీళ్లలో నానబెట్టి, స్టిక్కర్‌ను మూల నుంచి మెల్లగా లాగి చూడండి.