వైజాగ్ వాటర్ పార్కులో తిండి పేరుతో దోపిడీ

విశాఖ ఊరి బయట ఆ పార్కుకి టికెట్ పెద్దలకి 900, పిల్లలకి 700. ఆటలు బాగున్నాయి, కాదనను. పిల్లలిద్దరూ వేవ్ పూల్ వదిలి రాలేదు. నా కోపమంతా తిండి మీద.

గేటు దగ్గర బ్యాగులన్నీ విప్పించారు. బయటి తిండి లోపలికి తేకూడదట. అత్తయ్యకి షుగర్, వేళకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. అందుకే పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టాను. మందుల చీటీ చూపించినా గేటు దగ్గర అబ్బాయి తలెత్తలేదు. "పసిపిల్లల పాలైతేనే వదుల్తాం మేడమ్" అని, డబ్బాలు కౌంటర్ కింద పెట్టి టోకెన్ ఇచ్చాడు.

లోపల ఉన్నది ఒకటే ఫుడ్ కోర్టు. వెజ్ బిర్యానీ 280. ఒంటిగంటకి లైన్లో నిలబడితే ప్లేటు చేతికొచ్చేసరికి రెండుంపావు. అన్నం పలుకు, పైన చల్లారిన మసాలా నూనె. రైతా అయిపోయిందన్నారు. అత్తయ్య నాలుగు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేశారు, ఒక్క మాటా అనలేదు. ఆవిడ మాట్లాడకపోతేనే నాకు టెన్షన్.

పైగా సీసా మీద ఎమ్మార్పీ 20 అని అచ్చేసి ఉన్న నీళ్లకి 50 తీసుకున్నారు. మా ఆయన గట్టిగా అడిగితే "ఇక్కడ రేటింతే సార్" అన్నారు. అచ్చేసిన ధర కంటే ఎక్కువ తీసుకోకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనల్లో ఉంది. హోటళ్లు, రెస్టారెంట్లకి 2017లో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. కూర్చోబెట్టి వడ్డించే చోటికి అది సరేగానీ, కౌంటర్లోంచి సీసా అందించినందుకు కూడా వర్తిస్తుందంటే నేను ఒప్పుకోను. బిల్లు అడిగి తీసుకోండి, సీసా ఫోటో తీసి పెట్టుకోండి, 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మేం చేశాం.

కైలాసగిరి, టాయ్ ట్రైన్ హాయిగా గడిచిపోయాయి.

ఈ ట్రిప్పులో డబ్బుకి తగ్గ ఆనందం దొరికింది మాత్రం బీచ్ రోడ్డులో, కుర్సుర సబ్‌మెరైన్లో. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. నేవీలో చేసి రిటైరైనవాళ్లే లోపల దగ్గరుండి చెబుతారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి గుమ్మంలో వంగి దూరాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. మా పెద్దాడు వంటగది దగ్గరే ఆగిపోయాడు. ఇద్దరు నిలబడితే నిండిపోయే ఆ చోట 70 మందికి పైగా వండిపెట్టేవారంటే వాడికి నమ్మకం కుదరలేదు, గైడుని అడుగుతూనే ఉన్నాడు. ఆయన విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పారు. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

బయటికొచ్చి ఇసకలో కూర్చుని మురీ మిక్చర్ తిన్నాం, పొట్లం 40. ఉల్లిపాయలు సన్నగా తరిగి, అప్పటికప్పుడు నిమ్మకాయ పిండి ఇచ్చాడు. రాత్రి జగదాంబ దగ్గర ఒక మెస్సులో భోజనం 130, వంజరం వేపుడు ముక్క విడిగా 150. అన్నం వేడివేడిగా వడ్డించారు. అత్తయ్య మారు అడిగి పెట్టించుకున్నారు.

పార్కుకి వెళ్లేవాళ్లు పదకొండింటికే కడుపునిండా తిని వెళ్లండి. మధ్యలో బయటికెళ్లి తినొచ్చాక మళ్లీ రానిస్తారా అని టికెట్ కొనకముందే అడగండి. మాకైతే కుదరదన్నారు.