యంత్రానికి తర్కమా, మనిషి ఆలోచనా?

1956 నాటి లాజిక్ థియరిస్ట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ గణిత సిద్ధాంతాలను నిరూపించి చూపింది. ఫార్మల్ లాజిక్ (కచ్చితమైన నియమాలతో నడిచే తర్కం) బలం అదే: ఆధారాలు నిజమైతే ఫలితం తప్పే ప్రసక్తే లేదు. కానీ మాట మార్చుకోవడం దానికి చేతకాదు. పక్షులన్నీ ఎగురుతాయని చెప్పాక, పెంగ్విన్ పక్షే కానీ ఎగరదని చేరిస్తే వైరుధ్యం. ఇక దాన్నుంచి ఏదైనా నిరూపించేయొచ్చు! మనమైతే ఠక్కున సర్దుకుంటాం. 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్త రేమండ్ రైటర్ డిఫాల్ట్ లాజిక్ (మినహాయింపు తెలిసేదాకా మామూలు నియమాన్నే నమ్మే తర్కం) తెచ్చింది ఈ లోటు తీర్చడానికే.

అలాగని మనిషి నమ్మకస్తుడేమీ కాదు. వేసన్ కార్డుల పరీక్షలో ‘ఇదైతే అది’ లాంటి నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలో చెప్పాలి. కార్డులపై అక్షరాలు, అంకెలు ఇస్తే చాలామంది తప్పుతారు. అలాంటి నియమాన్నే మద్యం తాగే వయసు గురించి అడిగితే ఎక్కువమంది సరిగ్గా చెప్తారు.

చిప్ డిజైన్ సరిచూడాలంటే నాకు తర్కమే కావాలి. అరకొర సమాచారంతో వీధిలో నడిచే రోబోకు మాత్రం మనిషి పద్ధతే మేలు.