విశాఖ నుంచి రేణిగుంటకు గంటంపావు అన్నారు, కొండ చేరడానికి పదకొండు గంటలకు పైగా పట్టింది

విశాఖ నుంచి తిరుపతికి విమానంలో దూరమెంతని ఫోన్‌లో చూస్తే సుమారు 600 కిలోమీటర్లు, గంటంపావు ప్రయాణం అని వచ్చింది. అది నమ్మి అమ్మనీ మావయ్యనీ ఫ్లైట్ ఎక్కించాను. ఆ 600 గీత గీసినట్టు నేరుగా వెళ్తేనే. మేం వెళ్లిన రోజు నేరుగా వెళ్లే ఫ్లైట్ లేదు, శంషాబాద్‌లో మారాలి. హైదరాబాద్‌కి 510, అక్కణ్ణుంచి తిరుపతి ఎయిర్‌పోర్ట్ ఉన్న రేణిగుంటకి 420, మొత్తం 930. మనిషికి 7,840 రూపాయలు.

ఉదయం 5:15కి మురళీనగర్‌లో ఇంటికి తాళం వేశాం. 8:30కల్లా శంషాబాద్‌లో ఉన్నాం.

10:40కి ఎక్కాల్సిన రెండో ఫ్లైట్ 1:15కి మారిందని పది గంటలకు మెసేజ్ వచ్చింది. అమ్మకి షుగర్. పొద్దున మాత్ర వేసుకుంది, కడుపులో రెండు బిస్కెట్లు తప్ప ఏమీ లేవు. కౌంటర్ దగ్గరికెళ్లి చెబితే అక్కడున్నతను తలెత్తకుండానే, "ఫుడ్ కోర్ట్ ఉంది కదా సార్, కొనుక్కోండి" అన్నాడు. ఒక ప్లేటు ఇడ్లీ, ఒక కాఫీ 410 రూపాయలు. డబ్బు పోయినందుకు కాదు, డెబ్బై ఏళ్ల మనిషిని చూపించి చెబుతున్నా అతను తలెత్తి చూడనందుకు నాకు ఒళ్లు మండింది.

అందరూ గుర్తుపెట్టుకోండి: ఇలాంటి చిన్న ప్రయాణాల్లో ఫ్లైట్ రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఎయిర్‌లైన్ ఉచితంగా తిండి పెట్టాలి. ఇది విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధన. సూపర్‌వైజర్‌ని పిలిపించి ఆ మాట అనగానే ఇరవై నిమిషాల్లో మూడు కూపన్లు వచ్చాయి. పక్కన చంటిపిల్లతో కూర్చున్న ఒకామెకి చెబితే ఆవిడా వెళ్లి తెచ్చుకుంది. అడగనివాళ్లకి ఎవరూ ఇవ్వలేదు.

మావయ్య రైల్వేలో రిటైరయ్యాడు. "రాత్రి రైలెక్కుంటే ఈపాటికి స్నానాలు కూడా అయిపోయేవిరా" అని ఒక్కమాట అని, రేణిగుంట దాకా మళ్లీ నోరు విప్పలేదు.

2:20కి దిగాం. కొండపైకి ట్యాక్సీ 1,500. డ్రైవర్ మంచివాడు, అలిపిరిలో తనిఖీకి అమ్మ బ్యాగు తనే మోశాడు. తిరుమలలో గది ముందుకొచ్చేసరికి 4:35. మర్నాడు 300 రూపాయల టికెట్ మీద దర్శనం సాఫీగా అయింది. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వేడన్నం, సాంబారు తిన్నాకగానీ అమ్మ ముఖంలో కళ రాలేదు.

తిరుగు ప్రయాణం మావయ్య మాటే విన్నాం. తిరుమల ఎక్స్‌ప్రెస్, థర్డ్ ఏసీ, మనిషికి పదకొండు వందల్లోపే. పద్నాలుగు గంటల పైచిలుకు పట్టినా సగం నిద్రలోనే గడిచిపోయింది. గోదావరి బ్రిడ్జి మీద అమ్మ నన్ను లేపి, తలుపు దగ్గరికి తీసుకెళ్లమని, రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకుంది.

నేరుగా వెళ్లే ఫ్లైట్ దొరికితే విమానమే ఎక్కండి. మారాల్సి వస్తే మాత్రం పెద్దవాళ్లతో వద్దు. తప్పనిసరైతే పొద్దున్నే మొదటి ఫ్లైట్ చూసుకుని, దర్శనం మర్నాటికి పెట్టుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. వచ్చేసారికి ఆ తేదీని మావయ్య అప్పుడే క్యాలెండర్‌లో గుర్తుపెట్టేశాడు.