హలీమా, హరీసా? నన్నడిగితే...

రంజాన్ నెలవంక కనిపించకముందే హైదరాబాద్‌లోని మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, ఇక్కడ సందుకో హలీమ్ బండి ఉండగా హరీస్ కోసం బార్కస్ దాకా పోవాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి విసుగొచ్చింది. అందుకే అందరికీ ఒకేసారి.

రెండింటికీ మూలం ఒకటే: గోధుమలు, మాంసం. హరీస్ అరబ్బుల వంట. అరబ్బీలో ఆ పేరుకు మూలమే దంచడం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సిపాయిలుగా చేరినవాళ్లు దీన్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. ఈ ఊళ్లో వాళ్లున్న బ్యారక్స్ పేట జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. అదే వంటకు పప్పులు, అల్లం వెల్లుల్లి, గరం మసాలా చేర్చి, పైన వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, జీడిపప్పు చల్లి, పక్కన నిమ్మచెక్క పెడితే మన హలీమ్. దీనికి 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. హరీస్‌ను యూఏఈ, ఒమన్, సౌదీల తరఫున 2023లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. కాబట్టి బిరుదుల లెక్కన చూస్తే పోటీ సమానం.

నా మటుకు తేల్చేది దంపుడే. భట్టీ (పెద్ద పొయ్యి) మీద దేగ్ (పెద్ద గుండిగ) పెట్టి, ఘోట్నీ అనే చెక్క రోకలితో గంటల తరబడి మెదిపితే మాంసం పోగులు గోధుమ జిగురులో కలిసిపోతాయి, తెగిపోవు. చెంచా ఎత్తితే తీగలా సాగాలి. మిక్సీలో తిప్పారా, పోగు చచ్చి ముద్ద మిగులుతుంది. ఇబ్బంది ఏమిటంటే, హలీమ్‌లో ఈ లోపాన్ని దాచేయొచ్చు. పోయిన రంజాన్‌కి మా వీధి చివర టెంటులో ఓ డబ్బా కట్టించుకున్నాను. పైన నెయ్యి తేలుతోంది, వాసన అదిరింది. ఉల్లిపాయలు పక్కకు నెట్టి తింటే ఒక్క పోగు తగల్లేదు. మా ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "మసాలా వేసిన ఉగ్గండీ ఇది" అంది.

హరీస్‌కి ఆ ముసుగు లేదు. ఉప్పు, నెయ్యి, మహా అయితే కాస్త దాల్చినచెక్క. మాంసం నాసిరకమైనా, దంపుడు తగ్గినా మొదటి ముద్దలోనే దొరికిపోతుంది. అందుకే నా ఓటు దానికి. పైగా బార్కస్‌లో రంజాన్ ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా పొద్దున టిఫిన్‌గా దొరుకుతుంది, ఉప్పుదీ తీపిదీ. మాంసంలో చక్కెరా అని మొదట నేనూ మొహం చిట్లించాను. కట్టె పొంగలీ చక్కెర పొంగలీ ఒకే బియ్యంతో చేసుకునే మనకు అంత వింత ఎందుకో!

అలాగని హలీమ్‌ను తీసెయ్యలేను. ఇఫ్తార్ దాటాక, నలుగురు స్నేహితులతో రోడ్డు పక్కన నిలబడి, నిమ్మకాయ పిండుకుని తినే ఆ హడావిడి హరీస్‌కి లేదు. కారం అలవాటైన నోటికి హరీస్ సగం గిన్నెకే చప్పబడుతుంది కూడా. మా ఇంట్లో ఓటింగ్ పెడితే నేనొక్కణ్ణే ఓడిపోతాను.

చికెన్ హలీమ్ అంటారా, జేబుకు తేలిక, అంతే. వెజ్ హలీమ్ స్నేహితుల పక్కన ఖాళీగా కూర్చోకుండా ఉండటానికి. హలీమ్‌కు దగ్గరి చుట్టం ఖిచ్డాలో మాంసం ముక్కలు ముక్కలుగానే ఉంటాయి, దాన్ని ఈ పోటీలోకి లాగొద్దు.

బార్కస్‌కి మొదటిసారి వెళ్తుంటే పొద్దున్నే వెళ్లండి. ఉప్పుదానితో మొదలుపెట్టి, తీపిది ఒక్క చెంచా రుచి చూపించమనండి. పార్సిల్ మాత్రం వద్దు, చాంద్రాయణగుట్ట దాటేలోపు చల్లారి గట్టిపడుతుంది.